హైదరాబాద్ హాఫ్ మారథాన్‌ను టైమ్ కోసం పరుగెత్తాలంటే

ఇది పరుగు కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాసింది కాదు. మీరు ఇప్పటికే కొన్ని 10కె (పది కిలోమీటర్ల) రేసులు పరుగెత్తి ఉంటారు. ఒక హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, కూడా పూర్తి చేసి, మెడల్ ఇంట్లో మేకుకు తగిలించి ఉంటారు. ఇప్పుడు మీ కన్ను నిమిషాల మీద పడింది. పోయిన ఏడాది కంటే ముందు చేరాలి, వీలైతే ఏజ్ కేటగిరీలో నాలుగు మెట్లు పైకెక్కాలి. నాకూ ఇదే జబ్బు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు ఆఖరి ఆదివారం ఉంటుంది. అక్కడి నుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కపెడితే మే మొదటి వారం. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తె మీదుగా వెళ్లి, వానల్లో తేలే ట్రైనింగ్ ఇది. చల్లటి దేశాల కోచ్‌లు రాసిన ప్లాన్ ఏదో ఫోన్‌లో పెట్టుకుని, అందులోని పేస్‌లను (కిలోమీటరుకు ఇన్ని నిమిషాలనే వేగాలను) మే నెలలో ఇక్కడ పాటించబోతే రెండో వారానికే నీరసం వచ్చేస్తుంది. ఆ ప్లాన్లు చెడ్డవని కాదు. మన ఎండ, మన తేమ, మన ఎక్కుళ్లు (ఎత్తుకు ఎక్కే రోడ్లు) వాటికి తెలియవు. అందుకే కింద చెప్పేదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ట్రైనింగ్‌లోనైనా రేసులోనైనా ముందు ఊపిరిని అడగండి, తర్వాతే వాచ్ చూడండి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. వయసు 35 దాటినా, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉన్నా డాక్టర్‌ను కలిసి ఒకసారి గుండె పరీక్షలు చేయించుకోండి. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12 కూడా చూపించుకోండి. ఆడవాళ్లలో ఐరన్, శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండటం మామూలే. ఫెర్రిటిన్ అడుగంటితే ఎంత సాధన చేసినా టైమ్ కదలదు.

మీ అసలు టైమ్ ఎంతో తేల్చుకోండి

టార్గెట్‌ను ఆశతో పెట్టుకోవద్దు. మే మొదటి వారంలో ఒక తెల్లవారుజామున చదునైన చోట 10 కిలోమీటర్లు ఉన్న సత్తువంతా పెట్టి పరుగెత్తండి. నెక్లెస్ రోడ్డయినా, మీ ఊరి గ్రౌండయినా సరే. వచ్చిన టైమ్‌ను 2.2తో గుణించండి. పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీర్ ఇచ్చిన లెక్కకు ఇది తేలిక రూపం. 10కె 50 నిమిషాల్లో చేస్తే హాఫ్ దాదాపు 110 నిమిషాలు, అంటే గంటా యాభై. కిలోమీటరుకు 5 నిమిషాల 13 సెకన్లు.

కానీ ఆ లెక్క చదునైన రోడ్డుకు, చల్లని ఉదయానికి. మన ఆగస్టుకు దాని మీద కనీసం మూడు నాలుగు నిమిషాలు కలుపుకోమంటాను. ట్రైనింగ్‌లో టైమ్ ఎలాగూ కొంత మెరుగవుతుంది కాబట్టి ఈ రన్నర్ టార్గెట్ 1:50 అనుకోవచ్చు. 1:40 అనుకుంటే మాత్రం ఆ ఆదివారం బాగా ఏడిపిస్తుంది. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ ఈ 50 నిమిషాల 10కె రన్నర్‌వే. మీ టైమ్‌ను బట్టి మార్చుకోండి.

మే నెల: నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా

అందరూ తప్పించుకునే పాఠం ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

వారంలో ఐదు రోజుల పరుగు అనుకుంటే అందులో మూడు, ఒక్కోసారి నాలుగు, ఈజీ రన్‌లే. ఈజీ అంటే ఎంత? పక్కన పరుగెత్తేవాళ్లకు నిన్న రాత్రి ఇంట్లో ఏం వండారో, ఉప్పు ఎలా కుదిరిందో పూర్తి వాక్యాల్లో, మధ్యలో ఆయాసపడకుండా చెప్పగలగాలి. రెండు ముక్కలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది ఈజీ కాదు. 50 నిమిషాల 10కె రన్నర్‌కు ఈ వేగం చలికాలంలో కిలోమీటరుకు 6:15 (6 నిమిషాల 15 సెకన్లు) దగ్గర ఉంటుంది. మే నెలలో అదే ఊపిరికి 6:45 చూపిస్తుంది, ఒక్కోరోజు ఏడు నిమిషాలు కూడా దాటుతుంది. దాటనివ్వండి. స్ట్రావా (పరుగులు పంచుకునే యాప్) లో పెడితే పరువు పోతుందనిపిస్తే నెలరోజులు పెట్టకండి.

ఈ నెమ్మది పరుగులు లోపల చేసే పని పెద్దది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం శరీరానికి అలవాటవుతుంది. పైగా పిక్కలు, మడమ నరాలు దెబ్బతినకుండా కిలోమీటర్లు కూడతాయి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుడు పీటర్ స్నెల్‌తో ఆదివారాలు కొండదారుల్లో 35 కిలోమీటర్ల పరుగు చేయించేవాడు. స్నెల్ మారథానర్ అనుకునేరు, 800 మీటర్ల రన్నర్. 1960 రోమ్‌లోనూ, 1964 టోక్యోలోనూ ఆ దూరంలో ఒలింపిక్ స్వర్ణం అతనిదే. రెండు నిమిషాలు కూడా పట్టని రేసుకు అంత దూరం నెమ్మదిగా పరుగెత్తినప్పుడు, రెండు గంటల రేసుకు మనకు తొందరేమిటి?

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. అందుకని మే నెలంతా ట్రెడ్‌మిల్ మీద గడిపేయొద్దు. అలాగని తొమ్మిది గంటల ఎండలో వీరత్వమూ వద్దు. ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంటికి చేరే పరుగులే చాలు. ఒళ్లు ఉన్నట్టుండి చల్లబడి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, తల తిరిగినా, మాట తడబడినా అక్కడే ఆగి నీడకు చేరండి. నీళ్లు తలమీద, మెడమీద పోసుకుని, వేరేవాళ్ల సాయం అడగండి.

మే చివరికి వారానికి 35 నుంచి 40 కిలోమీటర్లు చేరితే బాగా నడుస్తున్నట్టే.

జూన్: వారానికి ఒక్క గట్టి రోజు

మృగశిర కార్తెతో గాలి కొంచెం చల్లబడుతుంది. ఇప్పుడు వారంలో ఒక రోజు, మంగళవారమో బుధవారమో, గట్టి పరుగు కలపండి. ఒక వారం ఎక్కుడు పరుగులు, తర్వాతి వారం టెంపో, ఇలా మార్చి మార్చి.

ఎక్కుడు పరుగులకు ఉస్మానియా క్యాంపస్ రోడ్లు, కేబీఆర్ పార్కు చుట్టుపక్కల, గచ్చిబౌలి వైపు వాలు రోడ్లు పనికొస్తాయి. పదిహేను నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, ఒక మోస్తరు ఎత్తున్న రోడ్డు మీద ఒక నిమిషం గట్టిగా ఎక్కండి, జాగింగ్‌తో దిగండి. ఆరుసార్లతో మొదలుపెట్టి ఎనిమిది, పది దాకా వెళ్లండి. చూపు ముందుకి, అడుగు పొట్టిగా, చేతులు బాగా ఊపుతూ. అన్నట్టు, ఫ్లైఓవర్ల మీద ప్రాక్టీస్ చేయొద్దు. రేసు రోజు వాటిని మనకోసం ఖాళీ చేస్తారు. మిగతా రోజుల్లో అక్కడ కాలినడకకు చోటే ఉండదు, తెల్లవారుజామున కార్లు ఏ వేగంతో వస్తాయో మీకు తెలుసు.

టెంపో అంటే గంటసేపు నిలబెట్టగలిగే వేగం. మాట రెండు మూడు పదాలకు మించి రాదు, కానీ ఊపిరి అదుపు తప్పదు. మన ఉదాహరణ రన్నర్‌కు 5:05 నుంచి 5:10. మొదట ఎనిమిది నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో రెండు నిమిషాల జాగింగ్. జూలై నాటికి ఏకబిగిన ఇరవై ఐదు నిమిషాలు.

జూలైలో ట్రాక్ మీదికి వెళ్లొచ్చు. గచ్చిబౌలి స్టేడియం, హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం లాంటి సింథటిక్ ట్రాక్ దగ్గర్లో ఉంటే అదృష్టమే, లేదంటే కాలేజీ గ్రౌండ్ కొలుచుకుని వాడుకోండి. వెయ్యి మీటర్లు ఐదుసార్లు, ఒక్కోటి 4:50 దగ్గర, మధ్యలో రెండున్నర నిమిషాల నడక, జాగింగ్. మొదటిది 4:30లో కొట్టి ఐదోది 5:10కి ఈడ్చుకొచ్చే రన్నర్లను ప్రతి వారం చూస్తాను. అన్నీ ఒకే టైమ్‌లో వచ్చి, చివర్లో ఇంకొక్కటి చేయగలననిపిస్తే సెషన్ బాగా జరిగినట్టు. ఆ ఇంకొక్కటి మాత్రం చేయొద్దు.

గట్టి రోజుకు ముందూ వెనకా ఈజీ రన్ గానీ విశ్రాంతి గానీ ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో గురువారం కూడా రేసు పెడదామంటారు. ఏదో పని చెప్పి తప్పించుకోండి.

ఆదివారం లాంగ్ రన్

హాఫ్ మారథాన్ సగం ఇక్కడే తయారవుతుంది. మేలో 12 కిలోమీటర్లతో మొదలుపెట్టి, రెండు వారాలు పెంచి, మూడో వారం కొంచెం తగ్గించి, ఆగస్టు మొదటి వారానికి 20 నుంచి 22 దాకా తీసుకెళ్లండి. అంతకుమించి అక్కర్లేదు. వేగం ఈజీ వేగమే. అయితే జూలై నుంచి, వారం విడిచి వారం, చివరి నాలుగైదు కిలోమీటర్లు రేసు వేగానికి తీసుకురండి. అలసిన కాళ్లతో వేగం పట్టుకోవడం ఇలాగే అలవాటవుతుంది.

రూట్ ఎంచుకోవడంలో కొంచెం బుర్ర పెట్టండి. ఈ మధ్య ఏళ్లలో హాఫ్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా నడుస్తోంది. దారి ఏటా కొంత మారుతుంది, వెబ్‌సైట్‌లో మ్యాప్ రాగానే చూసుకోండి. స్వభావం మాత్రం మారదు. హుస్సేన్ సాగర్ ఒడ్డు నుంచి జూబ్లీహిల్స్ దాకా మొత్తమ్మీద ఎక్కుడే. అక్కడి నుంచి దుర్గం చెరువు వైపు దిగుడు. మళ్లీ చివరి కిలోమీటర్లలో, కాళ్లు బరువెక్కిన వేళకు, ఫ్లైఓవర్లు, ఎక్కుళ్లు. కాబట్టి లాంగ్ రన్ రూట్‌లో కూడా ఎక్కుళ్లు చివర్లో ఉండేలా వేసుకోండి. ఇల్లు గుట్ట మీద ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

దిగుడును చాలామంది విశ్రాంతి అనుకుంటారు. తొడల ముందు కండరాలు ఎక్కువ దెబ్బతినేది దిగుడులోనే. ఆ కండరాలు సాగుతూనే బరువు ఆపాల్సి వస్తుంది. సాధన లేకపోతే పదిహేనో కిలోమీటరు తర్వాత మోకాళ్లు వణుకుతాయి. నెలకు రెండుసార్లయినా వాలు రోడ్డులో కొంచెం వేగంగా, అడుగు పొట్టిగా, వెనక్కి వాలిపోకుండా దిగడం సాధన చేయండి.

వానలో పరుగెత్తొచ్చు. ఉరుములు, నీళ్లలో కనబడని మ్యాన్‌హోళ్లు, వేలాడే కరెంటు తీగలు ఉన్నచోట మాత్రం వద్దు. తడిసిన షూలో పాత పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెడితే మర్నాటికి ఆరతాయి, ఎండలో పెడితే పాడవుతాయి. తొడలు, చంకలు, బనియన్ రాసుకునే చోట్లు అన్నిటికీ వాజెలిన్ పూయండి. మగవాళ్లు ఛాతీ మీద టేప్ వేసుకోవడం మర్చిపోతే స్నానం చేసేటప్పుడు గుర్తొస్తుంది. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, పరుగెత్తేకొద్దీ అవీ వస్తాయి. ఆడవాళ్లు చీకట్లో ఒంటరిగా వెళ్లకుండా గ్రూపుతో వెళ్లడం మంచిదని చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కానీ ఇంకా చెప్పాల్సిన పరిస్థితే ఉంది.

తిండి, నీళ్లు

ఈజీ రన్‌కు ముందు ఏమీ తినకపోయినా నడుస్తుంది. గట్టి రోజుకు, లాంగ్ రన్‌కు మాత్రం ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో వేసుకోండి. పరుగయ్యాక అరగంట, గంట లోపు ఇడ్లీ, గుడ్లు, లేదా పెసరట్టు, పాలు, ఏదో ఒకటి కడుపులో పడాలి. మన భోజనంలో అన్నానికి లోటు లేదు, ప్రొటీన్‌కే లోటు. పప్పు పలుచన చేసి ప్రొటీన్ తిన్నామనుకోవద్దు.

గంటకు పైగా సాగే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవచ్చు. జెల్ (రన్నర్ల కోసం ప్యాకెట్లలో అమ్మే తీపి పేస్టు) అయినా, బెల్లం ముక్కలయినా, ఖర్జూరమయినా మీ కడుపు ఒప్పుకున్నదే వాడండి. లాంగ్ రన్‌లలో దాన్ని పరీక్షించండి. రేసు రోజు ఎక్స్‌పోలో ఫ్రీగా ఇచ్చిన కొత్త జెల్ తిని ఐదో కిలోమీటర్లో టాయిలెట్ కోసం వెతుక్కునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

నీళ్ల విషయంలో ఊహాగానాలు వద్దు, కొలవండి. గంట పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. అదంతా పరుగులోనే తాగాలని కాదు, ఎంత పోతోందో తెలిస్తే చాలు. ఎక్కువ తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదాని కంటే తక్కువగా ఉంది. పరుగు మధ్యలో బరువు పెరిగేంతగా నీళ్లు తాగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. దాహమేస్తే తాగండి, ప్రతి స్టేషన్లోనూ గ్లాసులకు గ్లాసులు వంచుకోవద్దు. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే.

నొప్పులు

వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు: గుంజీలు, ఒంటికాలి మీద మడమలెత్తడం, ప్లాంక్. పరుగెత్తుతుంటే తగ్గిపోయే బిగుతు పట్టించుకోనక్కర్లేదు. పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, నడక మార్చేసే నొప్పి, ఎముక మీద ఒక్క చోట వేలు పెడితే కలుక్కుమనే నొప్పి, ఈ మూడిట్లో ఏది వచ్చినా ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

షూ 500 నుంచి 800 కిలోమీటర్లలో అరిగిపోతుంది. రేసు జత జూలైలోనే కొని, ఒక టెంపో, రెండు లాంగ్ రన్‌లు చేసి పక్కన పెట్టండి. కార్బన్ ప్లేట్ షూ కొనాలా అంటే, డబ్బులుంటే కొనండి. అది ఈజీ రన్ మానేసినవాళ్లను ఆదుకోదు.

ఆఖరి రెండు వారాలు

కిలోమీటర్లు మొదటి వారం మూడో వంతు, రేసు వారం సగానికి పైగా తగ్గించండి. వేగం మాత్రం పూర్తిగా వదలొద్దు. మంగళవారం రేసు వేగంతో మూడు కిలోమీటర్లు చేస్తే కాళ్లు మొద్దుబారవు. ఈ పదిహేను రోజుల్లో ఎప్పుడూ లేని నొప్పులన్నీ పుట్టుకొస్తాయి, టెన్షన్ పడొద్దు, చాలావరకు అవి మనసువే. శనివారం మధ్యాహ్నమే పెద్ద భోజనం చేసి, రాత్రి తేలికగా పెరుగన్నమో, ఇడ్లీయో తినండి. బిర్యానీ ఆదివారం మధ్యాహ్నానికి. రాత్రి నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు, శుక్రవారం రాత్రి నిద్ర ముఖ్యం.

ఆ ఆదివారం

స్టార్ట్‌కు రెండు, రెండున్నర గంటల ముందు లేచి అలవాటైనదే తినండి. రోడ్లు మూసేస్తారు కాబట్టి ఎలా చేరాలో ముందు రోజే చూసుకోండి. బిబ్ (మీ నంబరున్న కాగితం) రాత్రే టీషర్టుకు పిన్ను చేయండి, దానికి టైమ్ కొలిచే చిప్ ఉంటే మడత పడకుండా. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తొద్దు. చెమట బాగా పోయే రేసులో అది కిడ్నీల మీద పడుతుంది. పోడియం మీద ఆశ ఉన్నవాళ్లు ర్యాంకులు గన్ టైమ్‌తో (రేసు మొదలైనప్పటి నుంచి) ఇస్తారో, చిప్ టైమ్‌తో (మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి) ఇస్తారో రూల్స్‌లో చూసుకుని దాన్నిబట్టి ముందు వరసలో నిలబడాలి.

మొదటి మూడు కిలోమీటర్లు: జనం, డప్పులు, చదునైన రోడ్డు. ఈ వేగం ఊరికే వచ్చినట్టు ఉంటుంది. టార్గెట్ కంటే కిలోమీటరుకు పది సెకన్లు నెమ్మదిగా వెళ్లండి, పక్కవాళ్లు దాటిపోతే పోనివ్వండి. ఉదయం 22, 23 డిగ్రీలే ఉన్నా తేమ 80 శాతం పైమాటే. చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. తొందర చేస్తే లోపలి వేడి మొదట్లోనే పెరిగిపోయి, తర్వాత తగ్గే దారి ఉండదు.

ఎక్కుడు మొదలయ్యాక పేస్ స్క్రీన్ మార్చేసి గడియారం మాత్రం పెట్టుకోండి. ఎక్కేటప్పుడు టెంపో ఊపిరి దాటొద్దు, కిలోమీటరుకు 5:35 వచ్చినా సరే. దిగేటప్పుడు కాళ్లను వదలండి, బ్రేకులు వేయకండి. ఎక్కుడులో పోయిన టైమ్ మొత్తం దిగుడులో తిరిగి రాదు, కొంత వస్తుంది. ఆ లెక్క టార్గెట్‌లో ముందే కలిపేశాం. పేసర్ (ఒక టైమ్‌కు చేరేలా జెండాతో పరుగెత్తే రన్నర్) వెనక వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి: పేసర్ ఎక్కుళ్లలో కూడా అదే వేగం పట్టుకుపోతుంటే కాస్త వెనకబడి, దిగుడులో కలవండి.

స్టేషన్లలో ఒక గ్లాసు తాగడానికి, ఒకటి తలమీద పోసుకోవడానికి. ఐదారు సెకన్లు నడిచి తాగితే నష్టం లేదు, పొలమారితే ఎక్కువ పోతుంది. జెల్ ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గర ఒకటి, పద్నాలుగు దగ్గర ఇంకొకటి.

పదహారు దాటాక మొదలయ్యేదే రేసు. 2023 లండన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ మొదటి సగం 61 నిమిషాల 40 సెకన్లలో, రెండో సగం 59 నిమిషాల 45 సెకన్లలో ముగించాడు. మన ఎక్కుళ్లలో రెండో సగం వేగంగా రావడం కష్టమే, కానీ చివరి ఐదు కిలోమీటర్లలో మిమ్మల్ని దాటేవాళ్ల కంటే మీరు దాటేవాళ్లు ఎక్కువ ఉండాలి. ముందున్న ఒక టీషర్టును ఎంచుకోండి, దాన్ని అందుకోండి, ఇంకొకటి ఎంచుకోండి. వాళ్లది మీ వయసు కేటగిరీయే అయితే ఇంకా మంచిది. ఇక్కడ ఊపిరి అదుపు తప్పినా పర్వాలేదు, దాదాపు నాలుగు నెలలు దాచుకున్నది ఖర్చు పెట్టే చోటు ఇదే. ఆఖరి ఎక్కుడు ఎక్కాక, ఇంకేమైనా మిగిలి ఉంటే స్టేడియం లోపల తీసేయండి.

గీత దాటగానే కూర్చోవద్దు. పది నిమిషాలు నడవండి, ఉప్పూ తీపీ కలిసిన ద్రవం తాగండి, తడి బట్టలు మార్చుకోండి. మెట్లు దిగడం రెండు రోజులు కష్టంగానే ఉంటుంది. వారం రోజులు గట్టి పరుగులేవీ వద్దు. ఈ లోపు ఐదేసి కిలోమీటర్ల స్ప్లిట్లు (ఒక్కో ముక్కకు పట్టిన టైమ్) కాగితం మీద రాసుకుని చూడండి. ఎక్కుడు తర్వాతి దిగుడులో కూడా వేగం రాకపోతే తొడల బలం చాలలేదని. మొదటి ఐదే అన్నిటికంటే వేగంగా ఉంటే, కారణం మీకే తెలుసు. శీతాకాలంలో విశాఖ బీచ్ రోడ్డు మీదో, ఇంకెక్కడైనా చదునైన చోటో ఒక రేసుకు పేరు ఇచ్చేటప్పుడు ఆ కాగితమే పక్కన పెట్టుకుని టార్గెట్ రాసుకోండి.